ఊళ్లో అమ్మానాన్నల పొలం పథకాలు: రెండు రోజుల్లో ఎలా సరిచేయాలి

మీరు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం చేస్తున్నారు. ఊళ్లో అమ్మానాన్న రెండు మూడు ఎకరాలు సాగు చేసుకుంటున్నారు. ఇది మీ కోసం రాస్తున్నాను. నేనూ అలాంటి ఇంటివాణ్నే. మాది ఖమ్మం జిల్లా మధిర వైపు. మా పెద్దమ్మ వాళ్లది పొలిమేర దాటితే వచ్చే ఎన్టీఆర్ జిల్లా. అందుకే రెండు రాష్ట్రాల పద్ధతులూ దగ్గర నుంచి చూశాను.

మా నాన్నకు ఏడాదికి పైగా కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ డబ్బు రాలేదు. ‘మనకు ఆపేశార్రా’ అని ఆయన అడగడం కూడా మానేశారు. నేను సెలవు పెట్టి వెళ్లి చూస్తే ఆ డబ్బు ఆగనే లేదు. ఎప్పుడో ఊళ్లో క్యాంపు పెట్టి తెరిచిన జీరో బ్యాలెన్స్ ఖాతాలో విడతకు 2,000 చొప్పున పడుతూనే ఉంది. ఆ పాసుబుక్కు బీరువా అడుగున ఉంది. అదే ఏడాది నాన్న ఎరువుల కొట్టులో అప్పు పెట్టి, దానికి నూటికి రెండు రూపాయల వడ్డీ కట్టారు.

సాయం లేక కాదు, వచ్చిన సాయం ఇంట్లోకి రాకే చిన్న రైతు ఇల్లు ఎక్కువగా ఇబ్బంది పడుతోందని నాకు అప్పుడు అర్థమైంది. దాన్ని ఇంటికి చేర్చే పని కాస్త చదువుకున్న పిల్లలు చేయగలరు. రెండు పని దినాలు చాలు. శని, ఆదివారాల్లో వెళ్తే ఆఫీసులు ఉండవు. సోమవారం అధికారులు ప్రజల అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఉంటారు. మంగళ, బుధవారాలు పెట్టుకోండి.

వెళ్లే ముందు ఫోన్లో చెప్పాల్సింది

అమ్మానాన్న ఇద్దరి ఆధార్ కార్డులు, పట్టాదారు పాసుపుస్తకం, ఇంట్లో ఉన్న అన్ని బ్యాంకు పాసుబుక్కులు ఒక సంచిలో పెట్టి ఉంచమనండి. ‘అన్నీ’ అని గట్టిగా చెప్పాలి. వాడనివి, పాతవి, చిరిగినవి కూడా కావాలి. ఆధార్‌కు ఏ ఫోన్ నంబరు ఇచ్చారో కనుక్కోండి. చాలా ఇళ్లలో అది ఎప్పుడో పోయిన సిమ్ నంబరే అయి ఉంటుంది. అలా అయితే మొదట ఆధార్ కేంద్రానికి వెళ్లి నంబరు మార్పించాలి. ఓటీపీ రాకపోతే మిగతా పనులు సగంలో ఆగిపోతాయి.

మొదటి పని: పొలం ఎవరి పేరున ఉందో చూడండి

సాయంలో ఎక్కువ భాగం భూమి రికార్డులో పేరు ఉన్నవారికే వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో మీభూమి పోర్టల్‌లో 1బీ (భూమి ఎవరిదో చెప్పే రికార్డు), అడంగల్ (సాగు వివరాల రికార్డు) చూడండి. తెలంగాణలో ధరణి స్థానంలో 2025 ఏప్రిల్‌లో వచ్చిన భూభారతిలో చూడండి. పేరు, విస్తీర్ణం, సర్వే నంబరు మూడూ పాసుపుస్తకంతో సరిపోవాలి. పేరు ఆధార్‌లో ఒకలా, పాసుపుస్తకంలో ఒకలా ఉండటం మామూలే. ఇంటిపేరు ముందూ వెనకా అయినా, ‘వెంకటేశ్వర్లు’ ‘వెంకటేశ్వరరావు’ అయినా కంప్యూటర్‌కు ఇద్దరు మనుషులు. ఏది సరిచేయడం సులువో చూసి దాన్నే మార్పించండి. సాధారణంగా ఆధార్ మార్చుకోవడమే తేలిక.

తాతయ్య పోయి ఏళ్లు గడిచినా పొలం ఇంకా ఆయన పేరునే ఉంటే ముందు దాన్ని వారసుల పేరుకు మార్పించే పని చూడండి. తెలంగాణలో విరాసత్ అంటారు, కొన్నిచోట్ల ఫౌతి అంటారు. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, అన్నదమ్ములు అక్కచెల్లెళ్ల ఒప్పుదల కావాలి. ఇక్కడే బాబాయిలతో మాట వస్తుంది. నాన్న ఒక్కరే ఈ మాట ఎత్తితే పాత తగాదాలు లేస్తాయి. పిల్లల తరం అంతా కలిసి కూర్చుని మాట్లాడితే నయమని మా ఇంట్లో చూశాను. ఇది రెండు రోజుల్లో తేలదు, దరఖాస్తు మాత్రం పెట్టి రండి. అది తేలే వరకు ఈ భూమి మీద పథకాల డబ్బు గానీ, పంట లోను గానీ రావడం కష్టం.

ఇంకో మాట. పీఎం కిసాన్‌కు 2019 ఫిబ్రవరి 1 నాటికి ఎవరి పేరున భూమి ఉందన్నది లెక్క. ఆ తర్వాత కొన్నవారికి రాదు. పెద్దవారు చనిపోతే వారసత్వంగా వచ్చిన భూమికి మాత్రం ఈ అడ్డు లేదు. ఇది తెలియక దరఖాస్తే పెట్టని ఇళ్లు ఉన్నాయి.

రెండో పని: డబ్బు ఏ ఖాతాలో పడుతోంది?

ఆధార్‌తో వచ్చే ప్రభుత్వ డబ్బు మీరు ఫారంలో రాసిన ఖాతాకు వెళ్తుందని అనుకోకండి. ఆధార్‌కు ఆఖరున ఏ ఖాతాను ముడిపెట్టారో అందులోకి వెళ్తుంది. ఆధార్ వెబ్‌సైట్‌లో నంబరు, ఓటీపీ ఇచ్చి ‘బ్యాంక్ సీడింగ్ స్టేటస్’ చూస్తే ఏ బ్యాంకో తెలిసిపోతుంది. నాన్న వాడే ఖాతా కాకపోతే ఆయన వాడే బ్యాంకుకే వెళ్లి, ప్రభుత్వ రాయితీ డబ్బు ఈ ఖాతాకు రావాలని ఆధార్ లింకు ఫారం నింపి ఇవ్వండి. పాత ఖాతాలో పడిన డబ్బు ఎక్కడికీ పోదు. వేలిముద్ర వేసి తీసుకోవచ్చు. మా నాన్న అలా తీసుకున్న రోజు నేరుగా ఎరువుల కొట్టుకే వెళ్లారు.

ఇక పీఎం కిసాన్ పోర్టల్‌లో స్టేటస్ చూడండి. మూడు వరుసలు ముఖ్యం: భూమి వివరాలు ఎక్కాయా, ఈకేవైసీ (ఆధార్‌తో మనిషిని ధ్రువీకరించడం) అయిందా, బ్యాంకు ఖాతాకు ఆధార్ ముడిపడిందా. మూడింటికీ ‘అవును’ ఉండాలి. భూమి దగ్గర ‘కాదు’ ఉంటే వ్యవసాయ శాఖ మండల ఆఫీసులో పాసుపుస్తకం జిరాక్సు ఇవ్వాలి. ఈకేవైసీ ఓటీపీతో చేయవచ్చు, మీసేవలో వేలిముద్రతో చేయవచ్చు. మట్టి పనితో వేళ్లు అరిగిపోయిన పెద్దవాళ్లకు ముద్ర పడదు, అలాంటప్పుడు యాప్‌లో ముఖం చూపించి కూడా పూర్తి చేయవచ్చు.

మీరు ఆదాయపు పన్ను కడుతున్నారని నాన్నకు పీఎం కిసాన్ రాదేమోనని చాలామందికి టెన్షన్. ఈ పథకంలో కుటుంబమంటే భర్త, భార్య, మైనర్ పిల్లలే. పెద్దయిన కొడుకో కూతురో పన్ను కడితే తండ్రికి ఆగదు. కానీ భూమి మీ పేరున ఉండి, పన్నూ మీరే కడుతుంటే మీకు రాదు, తీసుకోకండి. అలా తీసుకున్నవారిని తిరిగి కట్టమన్నారు.

వాట్సాప్‌లో ‘పీఎం కిసాన్ కొత్త యాప్’ అని ఏపీకే ఫైల్ వస్తే నొక్కవద్దని ఇద్దరికీ చెప్పండి. ఖాతాలు ఖాళీ చేసే దొంగ యాప్‌లు ఆ రూపంలోనే వస్తున్నాయి. యాప్ కావాలంటే ప్లే స్టోర్ నుంచి మీరే వేసి ఇవ్వండి.

మూడో పని: రాష్ట్రం ఇచ్చే పెట్టుబడి సాయం

పేర్లు మారుతుంటాయి, అక్కడే గందరగోళం. తెలంగాణలో 2018లో రైతుబంధు మొదలైంది, ఇప్పుడు అది రైతు భరోసా. ఆంధ్రప్రదేశ్‌లో 2019 తర్వాత ఉన్న రైతు భరోసా పోయి అన్నదాత సుఖీభవ వచ్చింది. యూట్యూబ్‌లో ‘రైతు భరోసా పడింది’ అని వీడియో వస్తే అది ఏ రాష్ట్రానిదో, ఏ ఏడాదిదో చూసుకోండి.

తెలంగాణలో ఎకరాకు ఏడాదికి 12,000, అంటే సీజన్‌కు 6,000. రెండెకరాల పది గుంటలు ఉన్న మా నాన్నకు సీజన్‌కు 13,500 లెక్క. ఆంధ్రప్రదేశ్‌లో ఎకరాలతో నిమిత్తం లేకుండా రైతు కుటుంబానికి ఏడాదికి 20,000. అందులో కేంద్రం ఇచ్చే 6,000 కలిసే ఉంది. మొదటి విడతగా 2025 ఆగస్టు 2న రాష్ట్రం 5,000, కేంద్రం 2,000 వేశాయి. జాబితాలో పేరు లేకపోతే రైతు సేవా కేంద్రంలో అడగాలి. ఫోన్ నంబరు 155251.

ఈ డబ్బు విత్తనాల రోజుకే వస్తుందని లెక్క వేసుకోకండి. విడతలు ఆలస్యమవుతాయి. వచ్చినప్పుడు ఏ ఖర్చుకు పెట్టాలో ముందే అనుకుంటే మంచిది. మా అమ్మ పద్ధతి చెబుతాను. పెట్టుబడి సాయం పొలానికే పోవాలి. పీఎం కిసాన్ మూడు విడతలు మాత్రం ఆమె చేతికి ఇవ్వాలి. అందులోంచే చెల్లి కాలేజీ ఫీజు కొంత, నాన్న బీపీ మందులు, పండక్కి బట్టలు. చిన్న డబ్బే అయినా, పొలం ఖర్చులో కలిసిపోకుండా ఇంటికి మిగిలింది.

నాలుగో పని: పంట నమోదు

ఆంధ్రప్రదేశ్‌లో ఈ-పంటలో పంట ఎక్కకపోతే బీమా, నష్టపరిహారం, ప్రభుత్వ కొనుగోలు అన్నీ చిక్కే. గ్రామ వ్యవసాయ సహాయకులు పొలానికి వచ్చి ఫొటో తీస్తారు, ఆ తర్వాత రైతు వేలిముద్ర వేయాలి. రెండో భాగం మర్చిపోతారు, మా పెద్దమ్మ వాళ్లు ఒక ఏడాది అలాగే మర్చిపోయారు. తెలంగాణలో ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) నమోదు చేస్తారు. మిర్చి వేస్తే పత్తి అని ఎక్కిందేమో అడిగి చూసుకోండి. ఆధార్‌కు ముడిపెట్టి రైతులకు విశిష్ట సంఖ్య కూడా ఇస్తున్నారు. ఇంకా తీసుకోకపోతే ఈ రెండు రోజుల్లోనే చేయించేయండి.

ఐదో పని: బ్యాంకు లోను. ఎక్కువసేపు కూర్చోవాల్సింది ఇక్కడే

పీఎం కిసాన్ 2,000 పడితే ఊరంతా మాట్లాడుకుంటుంది. బ్యాంకు పంట లోను ఇచ్చే కిసాన్ క్రెడిట్ కార్డు మీద మిగిలే డబ్బు గురించి ఎవరూ మాట్లాడరు. ఒక లెక్క చూడండి. లక్ష రూపాయలు బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే ఏడాదికి 24,000 కట్టాలి. అదే లక్ష పంట లోనుగా తీసుకుంటే వడ్డీ 7 శాతం. గడువులోపు కడితే కేంద్రం ఇంకో 3 శాతం తగ్గిస్తుంది, అంటే కట్టే వడ్డీ 4,000. తేడా 20,000. ఆంధ్రప్రదేశ్‌లో ఏడాది పొడుగునా మూడు విడతల్లో వచ్చే సాయమంతా కలిపితే అంత. నన్ను అడిగితే చిన్న రైతు ఇంటికి అన్నిటికంటే పెద్ద సాయం ఇదే.

ఈ వడ్డీ రాయితీ 3 లక్షల వరకు వర్తిస్తుంది. 2025 జనవరి 1 నుంచి 2 లక్షల వరకు వ్యవసాయ లోనుకు తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. గేదెలు, మేకలు, చేపలు పెంచేవారికీ కిసాన్ కార్డు ఇస్తారు. అమ్మ పాడి చూసుకుంటుంటే దాని గురించీ అడగండి.

బ్యాంకులో ఇవి అడిగి కాగితం మీద రాసుకోండి: ఇప్పుడు బాకీ ఎంత, గడువు తేదీ ఏది, పోయిన ఏడాది 3 శాతం రాయితీ ఖాతాలో పడిందా. గడువు తేదీ ప్రాణం లాంటిది. ఏడాదిలోపు అసలు, వడ్డీ కట్టి లోను తిరగరాయించుకుంటేనే 4 శాతం. ఒక్క రోజు దాటినా 3 శాతం పోతుంది, ఇంకా ఆలస్యమైతే మొండి బాకీ కింద రాస్తారు. అప్పుడు మళ్లీ లోను పుట్టడం కష్టం. మా ఇంట్లో ఒక ఏడాది మిర్చి రేటు పడిపోయింది. రేటు వస్తుందేమోనని సరుకు కోల్డ్ స్టోరేజీలో పెట్టి కూర్చుంటే లోను గడువు దాటింది. తిరగరాయడానికి వారం రోజులు చేబదులు తెచ్చినా సరిపోయేది, మాకు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు ఆ తేదీకి నెల ముందు నా ఫోన్లో అలారం మోగుతుంది. మీరూ అలాగే పెట్టుకోండి. లోను కట్టే బాధ్యత నాన్నదే అయినా, తేదీ గుర్తుపెట్టుకోవడం మీ పని.

లోను కోసం కమీషన్ అడిగే మధ్యవర్తి దగ్గరకు వెళ్లవద్దు. మీరు పక్కన ఉండి ఫారం నింపితే మధ్యవర్తి అవసరం ఉండదు.

ఆరో పని: బీమా, నామినీ

ఇది మాట్లాడటానికి మనసు రాని విషయం. అయినా కూర్చుని మాట్లాడండి.

తెలంగాణలో 2018 ఆగస్టు నుంచి రైతు బీమా ఉంది. 18 నుంచి 59 ఏళ్ల మధ్య ఉన్న పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా నామినీకి 5 లక్షలు వస్తాయి. ప్రీమియం ప్రభుత్వమే ఎల్ఐసీకి కడుతుంది. ఒక్క గుంట భూమి పట్టా ఉన్నా చాలు. కొత్తగా పట్టా వచ్చినవారు ఏఈఓ దగ్గర పేరు రాయించుకోవాలి. కొత్త పేర్లు ఏటా ఆగస్టులో పాలసీ మొదలయ్యే ముందు తీసుకుంటారు.

చూడాల్సినవి రెండు. ఒకటి వయసు. లెక్క ఆధార్‌లో ఉన్న పుట్టిన తేదీతోనే. ఆధార్ మొదట తీసినప్పుడు తేదీ తెలియనివాళ్లకు జనవరి 1 అని వేసి, ఏడాది ఉజ్జాయింపుగా రాసేశారు. అసలు వయసు 55 అయినా కార్డులో 60 దాటినవాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు. నిజంగా తప్పుంటే, స్కూలు సర్టిఫికెట్ లాంటి రుజువు ఉంటే ఇప్పుడే మార్పించండి. పుట్టిన తేదీని ఒకసారే మార్చనిస్తారు కాబట్టి సరైన కాగితం దొరికాకే వెళ్లండి.

రెండోది నామినీ. చాలామంది మొదట్లో తల్లి పేరు ఇచ్చారు. ఆ తర్వాత ఆమె చనిపోయినా నామినీ మారలేదు. మా వీధిలో ఒకాయన పోయినప్పుడు ఆయన భార్య నెలల తరబడి కాగితాలు పట్టుకుని తిరిగింది. రైతు వేదికకు (ఏఈఓ ఉండే రైతుల భవనం) వెళ్లి ఏఈఓను అడిగి, నామినీగా ఎవరి పేరు ఉందో మీ కళ్లతో చూడండి. అమ్మ పేరు ఉంటే ఆమె పేరు ఆధార్‌తో సరిపోతుందో లేదో, ఆమెకు ఖాతా ఉందో లేదో కూడా చూడండి. అమ్మకు ఎకరం పట్టా ఉంటే ఆమె పేరునా బీమా ఉండాలి. ఆడవాళ్ల పేరున పట్టా ఉన్నా బీమా సంగతి అడగని ఇళ్లు ఉన్నాయి.

ఏ రాష్ట్రంలో ఉన్నా బ్యాంకులో ఇంకో రెండు చిన్న బీమాలు ఉన్నాయి. ఏడాదికి 20 రూపాయలతో ప్రమాద బీమా 2 లక్షలు, 18 నుంచి 70 ఏళ్ల వరకు. 436 రూపాయలతో జీవిత బీమా 2 లక్షలు, 50 ఏళ్లలోపు చేరాలి. పాముకాటు, కరెంటు షాకు, ట్రాక్టరు బోల్తా పడటం పొలంలో ఉన్నవాళ్లకు ఎప్పుడూ పొంచి ఉన్న ప్రమాదాలు. 20 రూపాయలకు వెనకాడవద్దు. మే నెలాఖరుకు ఖాతాలో ఆ డబ్బు ఉండాలి, అప్పుడే ఏటా కట్ అవుతుంది.

పంట బీమా సంగతికి వస్తే, ఫసల్ బీమాలో రైతు కట్టేది ఖరీఫ్ పంటలకు బీమా మొత్తంలో 2 శాతం, రబీకి ఒకటిన్నర శాతం, వాణిజ్య, ఉద్యాన పంటలకు 5 శాతం. లోను ఉన్నా లేకపోయినా చేరడం మన ఇష్టమే. వడగళ్లు పడో నీళ్లు నిలిచో మన ఒక్క పొలానికి నష్టమైతే 72 గంటల్లోపు చెప్పాలి. 14447కు ఫోన్ చేయాలి, పొలంలో ఫొటోలు తీసి ఉంచుకోవాలి. తెలంగాణ 2020లో ఈ పథకం నుంచి బయటకు వచ్చింది, అక్కడివాళ్లు ప్రతి సీజన్ మొదట్లో ఏఈఓను అడిగి తెలుసుకోవాలి.

ఏడో పని: కౌలు ఉంటే

నాన్న సొంత ఎకరంతో పాటు ఇంకో మూడెకరాలు కౌలుకు చేస్తుంటే ఆ మూడింటికీ పెద్దగా సాయం రాదు. పీఎం కిసాన్ భూమి ఉన్నవారికే. తెలంగాణ రైతు భరోసా పట్టాదారు ఖాతాకే వెళ్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద కౌలు కార్డు ఇస్తారు. యజమాని ఒప్పుకోవాలి, 11 నెలలు చెల్లుతుంది. ఆ కార్డుతో పంట లోను, పంట నష్ట పరిహారం అడగవచ్చు. సంతకం పెడితే భూమి పోతుందని యజమానుల భయం. ఆ కార్డు భూమి మీద హక్కు ఇవ్వదని చట్టంలోనే ఉంది. వీఆర్వోను వెంటబెట్టుకుని వెళ్లి ఆ మాట ఆయన నోటితోనే చెప్పించండి, చాలాసార్లు పనవుతుంది. కార్డు లేకపోయినా నలుగురి నుంచి పది మంది వరకు కౌలు రైతులు కలిసి జేఎల్‌జీ (ఉమ్మడి బాధ్యతతో లోను తీసుకునే) గ్రూపుగా బ్యాంకుకు వెళ్లవచ్చు.

ఇక మీ పొలాన్నే ఎవరికో కౌలుకిచ్చి, సాయం మాత్రం మీ ఖాతాలో పడుతోందా? ఆ డబ్బు పెట్టుబడి కోసం ఇచ్చింది, పెట్టుబడి పెడుతున్నది ఆ కౌలు రైతు. కనీసం కౌలులో అంత తగ్గించండి. మా మేనత్త వాళ్లు మూడేళ్లుగా తగ్గిస్తున్నారు.

పని కాకపోతే

ఏ ఆఫీసులోనైనా నోటిమాటతో ఊరుకోవద్దు. అర్జీ రాసి ఇచ్చి, రసీదో నంబరో తీసుకోండి. పీఎం కిసాన్‌కు 155261 ఉంది. మండలంలో తేలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. పాత అర్జీ నంబరు వేసి కొత్తది ఇస్తే కదలిక వస్తుంది.

చివరగా ఒక నోటు పుస్తకం కొని బీరువాలో పెట్టి రండి. మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో ఇవి రాయండి: డబ్బు పడే ఖాతా ఏ బ్యాంకుది, లోను గడువు తేదీ, పంట నమోదు అయిన తేదీ, ఆగస్టులో రైతు బీమా పేరు చూసుకోవడం, మే నెలాఖరుకు ఖాతాలో 456 రూపాయలు ఉంచడం, అర్జీల నంబర్లు, ఏఈఓ ఫోన్. నామినీ పేరు కూడా అక్కడే రాసి అమ్మకు చదివి వినిపించండి. ఆ పేజీని మీ ఫోన్లో ఫొటో తీసుకుని బస్సెక్కండి.